ఛాతీ లేచేంత వరకే

ఆ రోజు తెల్లవారుతుండగా బావ ఫోన్ చేశాడు. బావ అంటే మా అక్క మొగుడు. మామూలుగా ఆయన ఫోన్ చేస్తే టమాటా ధరతో మొదలుపెట్టి, ఊళ్ళో ఎవరి బోరు ఎండిపోయిందో చెప్పి, అసలు సంగతికి వచ్చేసరికి నా కాఫీ చల్లారిపోతుంది. ఆ రోజు మాత్రం ఎత్తగానే అన్నాడు.

"పాపా, మీ యక్కకు బాగలేదు. మాట ముద్ద ముద్దగా వస్తాండాది."

వాళ్ళది సదుం దగ్గర పల్లె. కొంచెం టమాటా తోట, మేకలు, రెండు పాడి ఆవులు. నేను పుంగనూరులో ఒక బడిలో తెలుగు చెప్తాను. నేను పెళ్ళి చేసుకోలేదు, అక్కకు పిల్లల్లేరు. ఏ పూట ఏం వండుకున్నామో కూడా ఒకరికొకరం ఫోన్‌లో చెప్పుకుంటాం. ముందురోజు సాయంత్రమే మాట్లాడాను. ఉక్కపోతగా ఉందని, కరెంటు లేదని, వసారాలో చాప వేసుకుంటానని చెప్పింది.

"ఏమైంది బావా?"

"తెల్లారకముందే మొబ్బుతోనే లేసి కడుపులో నొస్తాండాదనె. అరగలేదేమో అని సోడా తాపినా. గుటక పడలా. కండ్లు తెరవమంటే తెరవలేకుండా ఉండాది."

"వెంటనే తీసుకొచ్చేయ్. పుంగనూరు ఆస్పత్రి కాడ ఉంటా."

టమాటా బాక్సులు వేసుకుపోయే బండిలో వెనకాల పడుకోబెట్టి తెచ్చారు. దిగేటప్పుడు అక్క నడిచింది. అది నాకు బాగా గుర్తుంది. నా భుజం పట్టుకుని తన కాళ్ళతోనే నడిచింది. కాకపోతే తల ఎత్తి, గడ్డం పైకి పెట్టి నన్ను చూసింది. రెప్పలు సగానికి వాలిపోయి ఉన్నాయి. నిద్రమత్తులో ఉన్న చిన్నపిల్ల చూసినట్టు కింద సందులోంచి చూస్తోంది.

డాక్టరు ఎక్కువసేపు చూడలేదు. రెప్పలు ఎత్తమన్నాడు, ఎత్తలేకపోయింది. నాలుక చాపమన్నాడు, కొంచెమే వచ్చింది.

"రాత్రి యాడ పడుకున్నారమ్మా? మంచం మీదా, నేల మీదా?"

"నేల మీదే సార్. వసారాలో," అన్నాడు బావ.

"పాము కరిచింది. కట్లపాము అయ్యుండాలి."

బావ నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "పామా? పాము కరిస్తే మనిషికి తెలీదా సార్? గాటే లేదే!"

"దాని కాటుకు నొప్పి ఉండదు, వాపు ఉండదు. చాలామందికి గాటు కూడా కనపడదు. నిద్రలో ఉన్నవాళ్ళకు తెలియనే తెలియదు." డాక్టరు అప్పటికే నర్సుకు మందు చెప్తున్నాడు. "విషానికి విరుగుడు ఎక్కిస్తున్నా. కానీ ఇది కండరాల్ని పడేస్తుంది. ఇప్పుడు రెప్పలు, తర్వాత గొంతు, ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు. మదనపల్లెకు తీసుకుపోండి. ఆలస్యం చెయ్యొద్దు."

అరగలేదనుకున్న మనిషి ఊపిరి ఆగిపోవచ్చునని ఆయన వానొస్తుందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. నాకు ఆ మాట లోపలికి పోవడానికి చాలాసేపు పట్టింది. అంబులెన్సులో అక్క నా మణికట్టు పట్టుకుని పడుకుంది. ముక్కుతో మాట్లాడుతున్నట్టుగా, "పాపా, ఎంగిలి మింగేదానికి కూడా కాలేదే," అంది. నేను అక్క నోరు తుడిచాను. మదనపల్లె పొలిమేర దగ్గర నా మణికట్టు మీద పట్టు వదులైంది. చూస్తే రెప్పలు పూర్తిగా మూసుకుపోయాయి. గొంతు దగ్గర గుంట లోపలికి పోతోంది, ఛాతీ మాత్రం లేవడం లేదు.

మదనపల్లెలో మనిషిని దించడం, నోట్లోంచి గొట్టం వేయడం, ఆ గొట్టానికి రబ్బరు తిత్తి తగిలించి చేత్తో నొక్కడం అన్నీ నా కళ్ళ ముందే జరిగిపోయాయి. తిత్తి నొక్కితే అక్క ఛాతీ లేచేది. వదిలితే దిగేది. నొక్కకపోతే ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్ని నేను ఒక్కసారే చూశాను, నర్సు చెయ్యి మార్చుకున్నప్పుడు. మనిషి అంత నిశ్చలంగా ఉండటం చూడటం నాకదే మొదటిసారి.

ఊపిరి మిషన్లన్నిటి మీదా రోగులున్నారు. అది జ్వరాల కాలం. తిరుపతికి ఫోన్ చేశారు, అక్కడా లేదన్నారు. చివరికి కుప్పంలో ఒక బెడ్ ఉందని తెలిసింది. ఈలోపల పల్లెనుంచి బావ వాళ్ళన్న వచ్చాడు. ఆ ఇంట్లో పెద్దాయన, ఏ పనికైనా ఆయన మాటే మాట.

ఒక చిన్న డాక్టరు అక్క రెప్పలు వేళ్ళతో ఎత్తి టార్చి వేసి చూశాడు. కంటిపాప పెద్దదిగా, నల్లగా ఉంది. వెలుతురు పడినా కదల్లేదు. అది పెద్దాయనా చూశాడు.

"ఇంగేముందిరా," అన్నాడు బావతో. స్ట్రెచర్‌కు ఆ పక్కన ఆయన, ఈ పక్కన నేను. "మనిషి పోయిండాది. వాళ్ళు గాలి కొడతాండారు కాబట్టి ఎద లేస్తాండాది, అంతే. కుప్పానికి యాల? ఇంటికి తీసకపోదాం. జరగాల్సిండేది మనమైనా మర్యాదగా చేసుకోవాల."

బావ గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. నేను ఆయన నోటి వైపే చూస్తున్నాను. జీవితమంతా ప్రతి మాటకు ఎదురు మాట చెప్పిన మనిషి.

"సరే అన్నా," అన్నాడు.

ఆ 'సరే' అన్న గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. అంగట్లో ధర కుదిరితే ఒప్పుకున్నట్టు అన్నాడు.

తిత్తి నొక్కుతున్న నర్సమ్మ అప్పటిదాకా ఎవరివైపూ చూడలేదు. యాభై దాటిన మనిషి, క్రైస్తవ మిషన్ ఆస్పత్రి కాంపౌండ్‌లో పుట్టి పెరిగిందట. మెడలో సన్నటి శిలువ. ఆమె పెద్దాయనను పిలిచింది.

"అప్పా, ఇట్ల రా. ఈడ వేలు పెట్టి సూడు." అక్క మెడ పక్కన చూపించింది. ఆయన కదల్లేదు. "కొట్టుకుంటాండాది కదా. గుండె కొట్టుకునే మనిషిని ఇంటికి పంపేదానికి నా చేత కాదు."

పెద్ద డాక్టరు కూడా వచ్చి, ఇప్పుడే ఏమీ చెప్పలేమని, కుప్పం పొమ్మని అన్నాడు. "నేను తీసుకుపోతా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. బావ వచ్చి అంబులెన్సులో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. పెద్దాయన పల్లెకు వెళ్ళిపోయాడు.

ఆ బండిలో ఊపిరి మిషన్ లేదు. నర్సమ్మ, నేను, అక్క, ఆ తిత్తి. మదనపల్లె దాటకముందే నర్సమ్మ నన్ను పిలిచింది.

"గొట్టంలో చొంగ నిండుతాండాది. నేను తియ్యాల, సెలైన్ సూడాల. రెండు చేతులే నాకు. నువ్వు పట్టుకోమ్మా."

"నాకు రాదు సిస్టర్."

"నేర్పిస్తా కదా. ఇట్ల పట్టుకో. బొటనవేలు ఆ పక్క, వేళ్ళు ఈ పక్క. నా మాదిరి నొక్కు. ఛాతీ లేచేంత వరకే. లేచిందా, వదిలెయ్. గట్టిగా పిసికితే లోపల ఊపిరితిత్తి పగిలిపోతాది."

పగిలిపోతుంది అన్న మాట తప్ప నాకు వేరేదేమీ వినపడలేదు. నొక్కాను. అక్క ఛాతీ లేచింది. నా చేతి కింద రబ్బరుకు ఎదురుగా ఏదో మెత్తగా అడ్డుపడి, తర్వాత దారి ఇచ్చింది. అది మా అక్క ఊపిరితిత్తి. ఆ సంగతి తలకెక్కగానే గబగబా నొక్కడం మొదలుపెట్టాను.

"తొందర వద్దు. నీ గుండె దడదడ కొట్టుకుంటాండాది, నువ్వు దాని లెక్కన నొక్కుతాండావు. నా ఊపిరి సూడు. నేను పీల్చినప్పుడు నొక్కు."

ఆమె ఊపిరి చూస్తూ అక్కకు ఊపిరి పెట్టాను. ఆమె పీల్చేది, నేను నొక్కేదాన్ని, అక్క ఛాతీ లేచేది. పుంగనూరులో మా బడి ముందునుంచే పోయాం. ఇంటర్వెల్ అనుకుంటాను, పిల్లలు గేటు దగ్గర ఐస్ కొనుక్కుంటున్నారు. మా హెడ్మాస్టరు స్కూటరు నీడలోకి తోసుకుంటున్నాడు. అంబులెన్సు కూతకు ఒకరిద్దరు తిరిగి చూశారు. ఆ బండిలో నేనున్నానని, నా చెయ్యి ఆగితే ఒక మనిషి ఆగిపోతుందని వాళ్ళకు తెలియదు. వాళ్ళు అట్లా మామూలుగా ఉండటం నాకు భరించలేని వింతగా అనిపించింది.

పలమనేరు దాటాక నర్సమ్మ కాసేపు తీసుకుంది, మళ్ళీ నాకిచ్చింది. వి.కోట దాటిన తర్వాత ఒక గుంతలో బండి ఎగిరిపడింది. ఉస్సుమని శబ్దం. నేను నొక్కుతున్నాను, తిత్తి తేలిగ్గా నలుగుతోంది, కానీ అక్క ఛాతీ లేవడం లేదు.

"సిస్టర్! లేవడం లేదు!"

ఆమె తన సీటు నుంచి జారి మోకాళ్ళ మీద పడి, ఊడిపోయిన గొట్టం మూతి పట్టుకుని తిత్తికి తగిలించింది. "నొక్కు," అంది. నొక్కాను. లేచింది. ముందు సీటులోంచి బావ డ్రైవరును బతిమాలుకుంటున్నాడు, "నిదానంగా పోనీ అప్పా, నిదానంగా," అని. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

కుప్పంలో అక్కను మిషన్‌కు తగిలించారు. నా చేతిలో తిత్తి తీసేసుకున్నారు. బయట కుర్చీలో కూర్చున్నాక కూడా నా వేళ్ళు ముడుచుకుని విచ్చుకుంటూనే ఉన్నాయి. నర్సమ్మ నా చేతిని తన ఒడిలో పెట్టుకుని కాసేపు అదిమిపట్టింది. తర్వాత అదే బండిలో మదనపల్లెకు వెళ్ళిపోయింది.

కుప్పం డాక్టరమ్మ తమిళం వైపు మనిషి. తెలుగు కొంచెం యాసగా, కానీ తేటగా మాట్లాడేది. మిషన్ తెర మీద గీతలు కొండల్లాగా లేచి పడుతున్నాయి. పక్కన అంకెలు.

"మీరు దారి పొడుగునా చేత్తో చేసిన పనే ఇది," అంది. "కాకపోతే ఎంత గట్టిగా నొక్కుతున్నదో దీనికి తెలుస్తుంది. మీకు తెలియదు. ఇదిగో, ఈ పై అంకె గాలి లోపలికి పోయేటప్పటి ఒత్తిడి. మీ అక్క ఊపిరితిత్తులు మంచివి, అందుకే తక్కువతో సరిపోతోంది. ఇది పెరగకూడదు."

"ఈ కింది అంకె?"

"అది ఊపిరి వదిలిన తర్వాత కూడా లోపల మిగిల్చే ఒత్తిడి. కొత్త బుడగ ఊదేటప్పుడు మొదటిసారే కష్టం కదా? పూర్తిగా మూసుకుపోనిస్తే ప్రతిసారీ ఆ కష్టమే. కొంచెం గాలి ఉంచితే తర్వాతి ఊపిరి సులువు."

మరుసటి పొద్దున నేను ఆమెను అడిగాను. "మేడం, మా అక్కకు స్పృహ ఎప్పుడొస్తుంది?"

ఆమె కేసు షీటు నుంచి తలెత్తింది. "స్పృహ పోయిందని ఎవరన్నారు?"

నాకు అర్థం కాలేదు.

"ఈ విషం కండరాల్నే పడేస్తుంది. మెదడు జోలికి పోదు. కంటిపాప కదలకపోవడం కూడా అందువల్లే. ఇప్పుడంటే కొంచెం మత్తు ఇచ్చాం. అయినా చాలామటుకు వింటూనే ఉంటుంది. కాలి బొటనవేలు రవ్వంత కదులుతోంది, రండి."

లోపలికి వెళ్ళి అక్క పాదం దగ్గర నిలబడ్డాను. "అక్కా, నేనే. ఇనపడతాందా? ఇనపడితే వేలు కదిలించు."

బొటనవేలు కదిలింది. అంతే, గోరు మాత్రం కొంచెం వంగినట్టు. మంచం కడ్డీ పట్టుకున్నాను. సంతోషం కాదు అది. మదనపల్లెలో స్ట్రెచర్ చుట్టూ నిలబడి మేం మాట్లాడిన ప్రతి మాటా ఒక్కొక్కటే నాకు వినపడసాగింది. మనిషి పోయిండాది. ఇంటికి తీసకపోదాం. సరే అన్నా.

మా అక్క అప్పుడు మా మధ్యలోనే ఉంది. కళ్ళు మూసుకుపోయి, చెయ్యెత్తలేక, నోరు విప్పలేక, పూర్తి మెలకువతో.

ఈ సంగతి బావకు చెప్పలేదు. ఆయన బయట వరండాలో పేపరు పరుచుకుని కూర్చుని, ఎవరు పలకరించినా తల ఊపుతున్నాడు. ఆ మనిషికి ఇది చెప్తే ముఖం ఎట్లా మారుతుందో చూసే ఓపిక నాకు లేకపోయింది.

తర్వాత జ్వరం మొదలైంది. మాట పడిపోకముందు గొంతులోకి జారిన ఎంగిలి ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేసిందన్నారు. మెత్తగా ఉన్న తిత్తులు బిగుసుకుపోతున్నాయట. అంత గాలినే లోపలికి పంపాలంటే ఇప్పుడు ఎక్కువ ఒత్తిడి కావాలి. తెర మీద పై అంకె ఇరవై దాటింది, ముప్పై దగ్గరకు వచ్చింది. నాకు బళ్ళో మార్కులేసే అలవాటు కాబట్టి అంకె పెరిగితే మంచిదేమో అనిపిస్తుంది మనసులో ఎక్కడో. ఇక్కడ అది పెరిగిన కొద్దీ డాక్టరమ్మ మాటలు తగ్గిపోయాయి.

ఒక మధ్యాహ్నం చూసిరావడానికి బావను పంపాను. నిమిషం కాకుండానే గోడ పట్టుకుని బయటికి వచ్చాడు.

"పాపా, ఆడ మీ యక్క లేదు. ఇంగెవురో ఉండారు."

నేను లోపలికి పరిగెత్తాను. మంచం అదే. అక్క చేతి మీద పచ్చబొట్టు అదే. కానీ ముఖం మా అక్కది కాదు. బుగ్గలు, పెదాలు, కళ్ళు అన్నీ ఉబ్బి, మెడ, ముఖం ఒకటైపోయి ఉంది. రెప్పలు రెండు గుండ్రటి ముద్దలు. గడ్డం ఎక్కడుందో తెలియడం లేదు. తెలియకుండానే చెయ్యి వేశాను. చర్మం కింద బొరుగులు నలిగినట్టు చిటపటలాడింది. చెయ్యి లాక్కున్నాను. గట్టిగా అరిచానని తర్వాత వాళ్ళు చెప్పారు, నాకు గుర్తులేదు.

మిషన్ కూస్తోంది. డాక్టరమ్మ నన్ను పక్కకు జరిపి, "బయట ఉండండి," అంది. తెర లాగేశారు.

బయట బావ నేల మీద చతికిలపడి ఉన్నాడు. "యాటను కోసినాక తోలు ఊడేదానికి కాలి కాడ గాటు పెట్టి నోటితో ఊదుతారు సూడు," అన్నాడు. "అట్ల ఉబ్బిపోయిండాది పాపా. నా పెండ్లాము." అని, మళ్ళీ అదే మాట అన్నాడు. మూడోసారి అనబోతుంటే నేను ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాను.

డాక్టరమ్మ వచ్చినప్పుడు ఆమె నుదుట చెమట పట్టి ఉంది. ఊపిరితిత్తిలో ఒకచోట చిల్లు పడిందట. మిషన్ పంపే గాలి అందులోంచి బయటికొచ్చి, ఎముకల గూటిలో కొంత నిలిచి, మిగిలింది చర్మం కిందికి ఎగబాకిందట. పక్కటెముకల మధ్య ఒక గొట్టం వేశారు. దాని కొస నీళ్ళ సీసాలో పెట్టారు. ఆ నీళ్ళలో బుడగలు వస్తున్నంతసేపూ గాలి బయటికి పోతున్నట్టు లెక్క.

"ఎవరైనా తప్పు చేశారా మేడం?" అని అడిగాను. దాచుకోకుండా అడిగేశాను.

"బిగుసుకుపోయిన తిత్తికి గాలి కావాలి, ఒత్తిడి వద్దు. రెండూ ఒకేసారి కుదరవు. నిమ్ము ఉన్నవాళ్ళలో ఇట్లా జరుగుతుంది, జాగ్రత్తపడినా జరుగుతుంది." ఆమె కుర్చీలో కూర్చుంది. నిలబడలేకపోయినట్టుంది. "ఇప్పుడు ఒత్తిడి బాగా తగ్గించాను. చిన్న చిన్న ఊపిర్లు ఇస్తున్నాం. రక్తంలో ఆక్సిజన్ కొంచెం తక్కువే ఉంటుంది. ఉండనిద్దాం. తక్కువతో ఓర్చుకుంటే తిత్తి మానుతుంది. ఎక్కువ కోసం పోతే రెండోది కూడా పగులుతుంది."

"ఆమెకు తెలుస్తుందా, ఇదంతా?"

"మత్తు పెంచాను. ఇప్పుడు నిద్రపోతోంది."

ఆ ఒక్క మాటకు నేను ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను.

ఆ తర్వాత రోజులన్నీ నీళ్ళ సీసా ముందే గడిచాయి. బుడగలు గుంపులుగా వచ్చేవి, తర్వాత ఒకటీ అరా, తర్వాత దగ్గినప్పుడు మాత్రం. ముఖం మెల్లగా దిగింది. ముందు ముక్కు కనపడింది, తర్వాత గడ్డం. మా అక్క ముఖం తిరిగి రావడాన్ని ముక్కలు ముక్కలుగా చూశాను. జ్వరం తగ్గింది. ఒక ఉదయం రెప్ప సగం లేచింది. చేతి వేళ్ళు కదిలాయి. మిషన్ నెట్టడం కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, అక్క తనంతట తాను ఎంత లాగుతుందో చూశారు. లాగింది. మొదట అలిసిపోయేది, మళ్ళీ మిషన్‌కు అప్పజెప్పేవాళ్ళు. చివరికి గొట్టం తీసేశారు.

బావ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. అక్క ఆయన్ను చూసి ముఖం అటు తిప్పుకుంది. "అలిసిపోయిండాది," అన్నాడు బావ నాతో, సంబరంగా.

వార్డులోకి మార్చాక, బావ కాఫీకి కిందికి పోయినప్పుడు, అక్క నన్ను దగ్గరకు రమ్మంది. గొంతు పోయి, గాలి మాత్రమే వస్తోంది.

"అన్నీ ఇన్నా పాపా."

"తెలుసక్కా. డాక్టరమ్మ చెప్పింది."

"కంట్లో లైటు ఏసినారు సూడు, తల పగిలిపోతాదనుకుంటి. మూద్దామంటే రెప్ప నా మాట ఇనలా." ఊపిరి పీల్చుకుంది. "ఆ పెద్దాయన మాట ఇన్నా. మీ బావ మాటా ఇన్నా. లోపల నేను అరస్తానే ఉంటి. ఈడనే ఉండా, ఉండా అని."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. నా మనసులో ఒక్కటే ఆశ, దారి పొడుగునా నేను ఊపిరి పెట్టిన సంగతి చెప్తుందని. చెప్పింది.

"బండిలో నువ్వూ ఆయమ్మా మార్చి మార్చి నొక్కతా ఉంటిరి కదా. ఎవురు నొక్కేది తెలస్తా ఉన్నె నాకు. ఆయమ్మ నొక్కితే కడుపు నిండినట్ల ఉన్నె. నువ్వు నొక్కితే చాల్లేదు పాపా."

"చాల్లేదా?"

"రోంత రోంత పెడతాంటివి. ఇంగా రోంత పెట్టదా, ఇంగా రోంత పెట్టదా అని ఎదురుసూస్తాండా. నువ్వు ఆడికే వదిలేస్తాంటివి. నీళ్ళలో ముంచి, ముక్కు మాత్రం పైకి తేల్చినట్ల."

పగిలిపోతుందన్న భయంతో నేను అంత మెల్లగా, అంత జాగ్రత్తగా నొక్కిన ప్రతిసారీ మా అక్క లోపల గాలికి మొహం వాచి ఉంది. ఛాతీ లేచింది కదా అనుకున్నాను. ఆమెకు సరిపోయేంత లేచిందా లేదా అన్నది నాకు తెలిసే దారి లేదు, ఆమెకు చెప్పే దారి లేదు.

"బండి ఎగిరిపడె సూడు, అప్పుడైతే అసలు రాలా," అంది. "అప్పుడు నేను అరవలా. గమ్మునుంటి. ఇంగ సాలులే అనుకుంటి." అని కళ్ళు మూసుకుంది. ఆమె నన్ను తప్పుపట్టడం లేదు. ఎండ కాసింది, వాన పడింది అన్నట్టు చెప్పింది. అందుకే ఎక్కువ తగిలింది.

డిశ్చార్జి చేసినాక పుంగనూరులో మా ఇంటికే తీసుకొచ్చాను. బావ రోజూ సదుం నుంచి మోటారు సైకిల్ మీద పాలు తెచ్చేవాడు. మాటలు మళ్ళీ మొదలుపెట్టాడు. ఏ మేక ఈనింది, మార్కెట్లో బాక్సు ఎంత పలికింది. అక్క వినేది, అడిగిందానికి జవాబు చెప్పేది. ఒకరోజు ఆయన చెప్తూ ఉండగానే మధ్యలో అడిగింది.

"మదనపల్లెలో మీ అన్న నన్ను ఇంటికి తీసకపోదామంటే నువ్వేమంటివి?"

బావ పాల డబ్బా చేతిలో పట్టుకుని అట్లే నిలిచిపోయాడు. తర్వాత నావైపు చూశాడు. "నీకెవురు చెప్పిరి?"

"ఎవురూ చెప్పలా. నేను ఆడనే ఉంటి కదా."

ఆయన ముఖంలో రక్తం దిగిపోవడం నేను చూశాను. డబ్బా కింద పెట్టి, గడప మీద కూర్చున్నాడు. ఆయనకు అప్పటిదాకా తెలియనే తెలియదు. కుప్పంలో అన్ని రోజులున్నా ఎవరూ చెప్పలేదు, నేను చెప్పనివ్వలేదు.

"పోయినావనుకుంటి," అన్నాడు. "కన్ను కదల్లా. వాళ్ళు నొక్కితేనే లేస్తాండె. నాకేం తెలుసు."

"తెలీదు. సరే. తెలీనోడివి దగ్గరకొచ్చి ఒకతూరి నా చెయ్యి పట్టుకోనుండొచ్చు. ఎవురెవురో పట్టుకున్నారు నన్ను. నీ చెయ్యి యాడా తగల్లా. దానికోసరం ఎదురుసూస్తా ఉంటి."

నేను లోపలికి పోయి స్టవ్ వెలిగించి, ఏం పెట్టాలో తెలియక ఆర్పేశాను. నేను బయటికి వచ్చేసరికి ఆయన బండి తీసుకుని వెళ్ళిపోయి ఉన్నాడు. ఇంక రాడేమో అనుకున్నాను. మరుసటి రోజు అదే వేళకు పాలతో వచ్చాడు. ఆ రోజు మార్కెట్ సంగతులు చెప్పలేదు. అక్క పక్కటెముకల దగ్గర గొట్టం వేసిన గాయానికి గుడ్డ మార్చాల్సి ఉంటే, నన్ను అడగకుండా చేతులు కడుక్కుని వచ్చి, తానే మార్చాడు. అక్క వద్దనలేదు, ఆయన వైపు చూడనూ లేదు.

టమాటా కోతల వేళకు అక్క పల్లెకు పోతానంది. ఇంకొన్నాళ్ళు ఉండమన్నాను. "ఈడ కూసోని ఏం జేసేది," అంది. బావ వచ్చి తీసుకుపోయాడు. ఇప్పుడు వసారాలో రెండు మంచాలున్నాయి, దోమతెరలున్నాయి. పెద్దాయన పండ్లు తీసుకుని చూడ్డానికి వచ్చాడట. అక్క కూర్చోమని చెప్పి, మజ్జిగ ఇచ్చి పంపింది. ఏమీ అడగలేదట. ఎందుకు అడగలేదంటే, "ఆయప్పను అడిగి నాకేం రావల్ల?" అంది.

బావను క్షమించిందా అని నేనెప్పుడూ అడగలేదు. మొన్న ఫోనులో తానే ఆయన మీద ఫిర్యాదు చెప్పింది. రాత్రిళ్ళు నిద్ర మధ్యలో లేచి అక్క ముక్కు కింద వేలు పెట్టి చూస్తాడట. ఎన్నిసార్లు తిట్టినా మానడం లేదట.

"ఏం జెప్పినా ఇనడు. నిద్దర చెడగొడతాండాడు పాపా," అంది.

"నువ్వేమంటావు మరి?"

"ఏమంటా? ఈడనే ఉండా లే, పండుకో, అంటా."

తర్వాత ఆవుకు మేత వేయాలని ఫోన్ పెట్టేసింది.